పొయ్యి లేని పండ్ల ఉండలు: మూడు గంటలైంది, ఒక్కటీ నిలబడట్లేదు

చెంచా_లెక్క, రాత్రి 8:52
సాయంత్రం ఆరింటి నుంచి దీంతోనే కుస్తీ. పొయ్యి వెలిగించక్కర్లేదు, పావుగంటలో అయిపోతాయి అన్నారు. ఖర్జూరం, పండ్లు, డ్రై ఫ్రూట్స్, ఓట్స్ అన్నీ చెప్పినట్టే వేసి మిక్సీ పట్టాను. ఉండ కట్టట్లేదు. తేనె రెండు పెద్ద చెంచాలు వేశాను, అయినా కట్టలేదు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీశాను, అదే వరస. ఇంకో గంట పెట్టాలా? కొబ్బరి పొడిలో దొర్లిస్తే నిలుస్తాయా? రేపు పొద్దున తొమ్మిదికల్లా డబ్బాల్లో సర్దాలి. పారేసి మళ్ళీ మొదలుపెట్టమని మాత్రం ఎవరూ అనొద్దు, దండం పెడతాను.

గబగబా, 8:55
తేనె చాలలేదు. ఇంకో రెండు చెంచాలు వేయండి, అదే అంటుకుంటుంది.

తూకం_తప్పదు, 8:57
కొలతలు?

తీపి_నిజం, 9:01
ఉండ కట్టడం సంగతి అలా ఉంచండి. ముందు ఇందులో ‘హెల్దీ’ ఏముందో చూద్దాం. 100 గ్రాముల ఖర్జూరంలో 65 గ్రాముల దాకా చక్కెరే. 20 గ్రాముల ఉండలో 12 గ్రాములు ఖర్జూరం అనుకుంటే, ఒక్కో ఉండలో దాదాపు రెండు చెంచాల చక్కెర ఉన్నట్టు. ఖర్జూరంలో పీచు, పొటాషియం ఉన్న మాట నిజమే, కాదనను. కానీ ‘షుగర్ ఫ్రీ’ అని పేరు పెట్టి నాలుగేసి లాగిస్తున్నారు. దాని మీద తేనె కూడానా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనె, సిరప్పులు, పండ్ల రసాలలోని తీపిని ‘ఫ్రీ షుగర్స్’ కిందే లెక్కగట్టారు. రోజు మొత్తం తీసుకునే కేలరీల్లో అవి పది శాతం దాటకూడదు, అయిదు శాతం లోపుంటే ఇంకా మంచిది అని చెప్పారు. ‘ఆరోగ్యకరం’ అనే మాట వాడే ముందు ఇది ఆలోచించాలి.

చెంచా_లెక్క, 9:03
నేను పోస్టులో ‘హెల్దీ’ అనలేదండీ. ఉండ కట్టట్లేదు అన్నాను.

నిమ్మతొక్క, 9:06
‘కట్టట్లేదు’ అంటే ఎలా? పొడిపొడిగా రాలుతోందా, జావలా జారుతోందా? రెంటికీ విరుగుడు వేరు. ఒకదానికి చెప్పింది రెండోదానికి చేస్తే ఉన్నది కాస్తా చెడుతుంది. గబగబా గారి సలహా ఇప్పుడే పాటించకండి.

ఒక చెంచాడు ముద్ద అరచేతిలో వేసుకుని గట్టిగా పిడికిలి బిగించండి. తెరిచాక చూడండి. పగుళ్ళు వచ్చి ముక్కలైతే తడి చాలలేదు. వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చి చేతికి పట్టుకుపోతే తడి ఎక్కువైంది. ఉండ అయితే అయింది గానీ అరచెయ్యి నిగనిగలాడుతూ నూనె ఊరితే, పప్పులు మిక్సీలో ఎక్కువసేపు తిరిగి నూనె వదిలాయి. ఈ మూడింట్లో మీది ఏది?

చెంచా_లెక్క, 9:10
రెండోది. చెయ్యంతా పట్టుకుపోతోంది. చెంచాతో తీసి ప్లేట్లో పెడితే నిమిషంలో చదునుగా పరుచుకుంటోంది. ముందే చెప్పాను కదా.

తూకం_తప్పదు, 9:10
చెప్పలేదు. కొలతలు?

చెంచా_లెక్క, 9:14
ఖర్జూరం 2 కప్పులు, డ్రై ఫ్రూట్స్ 1 కప్పు, ఓట్స్ అర కప్పు, పండ్లు. చిటికెడు ఉప్పు. తర్వాత తేనె.

నిమ్మతొక్క, 9:15
డ్రై ఫ్రూట్స్ అంటే బాదం, జీడిపప్పులా? కిస్‌మిస్, అంజీర్ లాంటివా?

చెంచా_లెక్క, 9:16
డ్రై ఫ్రూట్స్ అంటే డ్రై ఫ్రూట్సే కదండీ. బాదం, జీడిపప్పు.

మాట_పట్టింపు, 9:19
అక్కడే వచ్చింది చిక్కు. బాదం, జీడిపప్పు గింజలు. ‘డ్రై ఫ్రూట్’ అంటే ఎండబెట్టిన పండు: కిస్‌మిస్, అంజీర్, ఆప్రికాట్, ఖర్జూరం. మనం అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. ‘ఒక కప్పు డ్రై ఫ్రూట్స్’ అని ఎవరో రాస్తారు, ఒకరు బాదం వేస్తారు, ఇంకొకరు కిస్‌మిస్ వేస్తారు. ఒకరికి పొడిపొడి, ఒకరికి బంక. గింజపప్పులు అని రాస్తే పోలా?

గబగబా, 9:21
అందరూ వాడే అర్థమే అర్థం. పొట్లం మీద కూడా అలాగే ఉంటుంది.

మాట_పట్టింపు, 9:24
పొట్లం అమ్మడానికి రాస్తారు, కొలవడానికి కాదు. 100 గ్రాముల బాదంలో సగం నూనె, నీరు నామమాత్రం. 100 గ్రాముల కిస్‌మిస్‌లో నూనె లేనట్టే, నీరు 15 గ్రాములు, మిగిలిందంతా దాదాపు తీపే. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచి కొలతలు ఇస్తే కుదురుతుందా?

తూకం_తప్పదు, 9:25
పండ్లు అంటే?

చెంచా_లెక్క, 9:31
అరటిపండ్లు రెండు, బాగా మగ్గినవి. స్ట్రాబెర్రీ ఓ చిన్న డబ్బా, 100 గ్రాములు ఉంటాయేమో. పండ్ల ఉండలంటే పండ్లు వేయాలి కదా!

నిమ్మతొక్క, 9:33
ఇంకొక్క ప్రశ్న. ఖర్జూరం నానబెట్టారా?

చెంచా_లెక్క, 9:35
రాత్రంతా. ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయని పారబోయలేదు, అందులోనే పోశాను. అర కప్పు కూడా లేవులెండి.

తూకం_తప్పదు, 9:36
అదీ సంగతి.

నిమ్మతొక్క, 9:48
మీరు వంటకం తప్పుగా చేయలేదు, వేరే వంటకం చేశారు. మీ గిన్నెలో ఉన్నది చిక్కటి స్మూతీ.

లెక్క చూడండి. మామూలు సైజు అరటిపండు తొక్క తీశాక 120 గ్రాముల దాకా తూగుతుంది, అందులో ముప్పాతిక వంతు నీరే. రెండు పండ్లకి 180 గ్రాముల నీళ్ళు. స్ట్రాబెర్రీలో 90 శాతం నీరు, అవి ఇంకో 90 గ్రాములు. ఖర్జూరం రాత్రంతా పీల్చుకున్నదీ, మీరు పోసిన నానిన నీళ్ళూ కలిపి కనీసం 100. ఖర్జూరంలో సహజంగా ఉండే తడి 60 పైమాటే. మొత్తం ముద్ద కిలోకి కొంచెం తక్కువ ఉంటే, అందులో దగ్గర దగ్గర సగం నీళ్ళు. ఉండ నిలబడే ముద్దలో నీరు ఇంతకంటే చాలా తక్కువ ఉంటుంది.

తేనె వేస్తే ఎందుకు కట్టలేదంటే, ఎండిన ముద్దకే తేనె జిగురు. తడి ముద్దలో తేనె కరిగి ఇంకా జారుతుంది. ఫ్రిజ్ నీళ్ళని తీసేయదు, చల్లబరుస్తుందంతే. ముద్దలో కొబ్బరి నూనె ఉంటే 24 డిగ్రీల కింద గడ్డకట్టి కాస్త పట్టు ఇస్తుంది. మీ దాంట్లో అదీ లేదు.

గబగబా, 9:50
రెండు గుప్పెళ్ళు మైదా కలిపేయండి, అయిపోతుంది.

నిమ్మతొక్క, 9:53
వద్దు. వేడి తగలని వంటకంలో పచ్చి పిండి వేయకూడదు. పిండి పొడిగా ఉంటుంది గానీ అది వండిన పదార్థం కాదు, సాల్మొనెల్లా, ఈ. కోలి లాంటివి అందులో ఉండొచ్చు. అటుకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్ అలా కాదు, తయారీలోనే ఆవిరి పడుతుంది. అందుకే ఈ ఉండల్లో పిండి బదులు ఓట్స్ పొడి వాడతారు. రవ్వలా గట్టిగా ఉండే స్టీల్ కట్ ఓట్స్ అయితే వద్దు, పంటికింద రాళ్ళలా తగులుతాయి.

చెంచా_లెక్క, 9:55
సరే, ఇప్పుడు కిలో ముద్ద ఉంది. దీన్ని బాగుచేసే దారి చెప్పండి. ఓట్స్ ఓ ప్యాకెట్ ఉంది, కొబ్బరి పొడి ఉంది.

నిమ్మతొక్క, 10:04
మొత్తం బాగు చేయాలంటే అంతకు అంత, అంటే కిలో పొడి సరుకు కావాలి. రెండు కిలోల ఉండలవుతాయి, ఎవరు తింటారు? 200 గ్రాములే తీసుకోండి. అందులో ఓట్స్ పొడి 120 గ్రాములు, ఎండు కొబ్బరి పొడి 60, బరకగా పొడి చేసిన బాదం 40 కలపండి. ఓట్స్ ముందు పొడి జార్‌లో వేసి పొడి చేసుకోండి, రేకులు రేకులుగా వేస్తే తడి లాగడానికి చాలాసేపు పడుతుంది. కలిపాక వెంటనే ఉండ కట్టొద్దు. మూతపెట్టి 20 నిమిషాలు ఆగండి. మొదట వదులుగా కనిపించేదే ఆ కాసేపటికి గట్టిపడుతుంది. ఆగకుండా ఇంకా ఇంకా ఓట్స్ పోస్తూ పోతే పొద్దునకి సుద్దముక్కలవుతాయి. అప్పటికీ జారుతుంటే చియా గింజలు ఒక పెద్ద చెంచా. అవి తమ బరువుకి పది రెట్ల దాకా నీళ్ళు పీల్చగలవు, పావుగంట టైమివ్వాలి.

ఇలా చేసినవి మెత్తగానే ఉంటాయి, రుచి ఓట్స్ వైపే మొగ్గుతుంది. తాజా పండు ఉంది కాబట్టి ఫ్రిజ్‌లోనే పెట్టాలి, రెండు మూడు రోజుల్లో తినేయాలి. గది వేడిలో డబ్బాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచేవి కావు.

మిగతా ముద్దని ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక ఒక్కోటి పాలల్లో వేసి తిప్పుకోవచ్చు.

తూకం_తప్పదు, 10:06
బేకింగ్ కాగితం మీద పల్చగా పరిచి 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టొచ్చు కూడా. తాండ్ర అవుతుంది.

మాట_పట్టింపు, 10:07
ఓవెన్ పెడితే అది ‘నో బేక్’ ఎలా అవుతుంది?

తూకం_తప్పదు, 10:08
ఆరబెట్టడం బేకింగ్ కాదు.

మాట_పట్టింపు, 10:12
పొయ్యి పెట్టనక్కర్లేదన్నదే కదా దీని అసలు ఆకర్షణ. ఓవెన్‌లో ఆరు గంటలు నడిపించి, ‘కాల్చలేదు, ఆరబెట్టాం’ అంటే ఎలా?

తూకం_తప్పదు, 10:12
బిల్లు వేరు, పేరు వేరు.

తీపి_నిజం, 10:15
ఎవరికి పెడుతున్నారివి? ‘డబ్బాల్లో సర్దాలి’ అన్నారు.

చెంచా_లెక్క, 10:17
పిల్లలకి. పదిమంది వస్తున్నారు. ఆరేళ్ళ లోపు వాళ్ళే అందరూ. ఒకడికి పది నెలలు, వాడు ఎంత తింటాడులెండి, ఓ ముక్క.

తీపి_నిజం, 10:20
ఇది మొదటే చెప్పాల్సిన మాట. ఆ పది నెలల బిడ్డకి ఆ ముద్ద ముక్క కూడా వద్దు. ఏడాది నిండని పిల్లలకి తేనె ఇవ్వకూడదు. క్లోస్ట్రిడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి ఎదగవు, పసివాళ్ళ పేగుల్లో ఎదిగి విషం విడుదల చేస్తాయి. ఇంట్లో వేడి చేస్తే ఆ బీజాలు చావవు. చెంచా అయినా, చుక్క అయినా ఒకటే.

రెండోది, అయిదేళ్ళ లోపు పిల్లలకి బాదం, జీడిపప్పు గుండుగా గానీ పెద్ద ముక్కలుగా గానీ ఉండకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడి చేసి వేయండి. ఉండ కూడా గుండ్రంగా, జిగురుగా ఉంటుంది కదా, గొంతులో ఇరుక్కునే ఆకారమే. చిన్నవాళ్ళకి వేలితో నొక్కి పల్చని బిళ్ళలా చేసి చిన్న ముక్కలుగా ఇవ్వండి. కూర్చోబెట్టి తినిపించాలి, పరిగెడుతుంటే కాదు.

మూడోది, పదిమందిలో ఎవరికైనా గింజపప్పులు పడవేమో వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగారా?

చెంచా_లెక్క, 10:23
అడగలేదు.

తీపి_నిజం, 10:24
ఇప్పుడే అడగండి. నువ్వులు కూడా కొందరికి పడవు.

నిమ్మతొక్క, 10:39
చక్కెర పాఠం సంగతెలా ఉన్నా, దీంట్లో తీపి_నిజం గారు చెప్పినవన్నీ పాటించాల్సినవే. ఇక మొదటి నుంచి చేయమంటే కోపం రావచ్చు గానీ, పిల్లలకైతే కొత్త ముద్దే నయం. నిజంగానే అరగంట పని.

గింజ తీసిన ఖర్జూరం 200 గ్రాములు, గింజపప్పులు 100, ఓట్స్ పొడి 40. మొత్తం 340 గ్రాములు. చిన్న చేతులకి 14 గ్రాముల ఉండ చాలు, 24 వస్తాయి. పప్పులు పడవంటే అదే 100 గ్రాములు గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు సగం సగం వేయండి, ముద్ద అలాగే కడుతుంది. ఆ చిన్నవాడి కోసం తేనె అసలు వద్దు, అవసరమూ లేదు, ఖర్జూరమే జిగురు.

గింజ తీసినవని పొట్లం మీద రాసి ఉన్నా ప్రతి ఖర్జూరాన్నీ నిలువుగా చీల్చి చూడండి. గింజ ముక్క ఒకటి మిగిలినా మిక్సీ బ్లేడు దెబ్బతినొచ్చు, పిల్లల పంటికీ ప్రమాదమే. లోపల నల్లటి పొడి కనిపిస్తే బూజు, పారేయండి. పైన తెల్లగా పొరలాగా ఉంటే గాబరా వద్దు, చక్కెర బయటికొచ్చి గడ్డకట్టి ఉండొచ్చు. ఒకటి గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. కరక్కుండా దూదిలా ఉంటే వాడొద్దు.

ఖర్జూరం వేలితో నొక్కితే మెత్తగా అణిగితే నానబెట్టనే వద్దు. గట్టిగా ఉంటేనే గోరువెచ్చటి నీళ్ళలో 10 నిమిషాలు. తర్వాత వడకట్టి, గుడ్డలో వేసి పిండి, తుడవండి. ఆ నీళ్ళు తాగేయండి, ముద్దలో మాత్రం పోయొద్దు.

మిక్సీలో ముందు గింజపప్పులు. జార్ పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్కో సెకను చొప్పున ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన వదిలేస్తే వేడెక్కి నూనె వదులుతాయి. పెద్దవాళ్ళకైతే బియ్యపు గింజంత బరక చాలు, మీకు రవ్వలా కావాలి. అది తీసేసి ఖర్జూరం 100 గ్రాముల చొప్పున రెండు విడతలుగా వేయండి. మొదట ముక్కలు ముక్కలుగా ఎగురుతుంది, తర్వాత బ్లేడు చుట్టూ చేరుతుంది, ఒక్కసారిగా ముద్దయి జార్ కుదుపుతుంది. ఆ కుదుపు రాగానే ఆపండి. ఇంకా తిప్పితే మోటారు మీద భారం. మోటారు ఆగిపోతే బలవంతం చేయకుండా చల్లారనివ్వండి.

మూడూ గిన్నెలో వేసి చేత్తోనే పిసికి కలపండి. పిడికిలి పరీక్ష. పగిలితే నీళ్ళు అర టీస్పూన్ చొప్పున మాత్రమే, 340 గ్రాములకి ఒక టీస్పూను నీళ్ళే తేడా తెస్తుంది. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత చుట్టండి. మొదట పిడికిట్లో రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి, అప్పుడు అరచేతుల మధ్య తిప్పండి. నొక్కకుండా తిప్పితే పైన నున్నగా, లోపల వదులుగా ఉండి డబ్బాలో విచ్చిపోతాయి. ఆరేడు ఉండలకోసారి చేతులు కడిగి, తడి చేత్తోనే కొనసాగించండి.

చెంచా_లెక్క, 10:44
మరి పండ్లు? ‘పండ్ల ఉండలు’ అని పిల్లలకి చెప్పేశాను.

మాట_పట్టింపు, 10:45
ఖర్జూరం పండు కాదా ఏమిటి?

నిమ్మతొక్క, 10:50
పండు రుచి కావాలి, పండు నీళ్ళు వద్దు. ఫ్రీజ్ డ్రైడ్, అంటే గడ్డకట్టించి తడి లాగేసిన స్ట్రాబెర్రీ దొరికితే 15 గ్రాములు పొడి చేసి చివర్లో కలపండి. ముందే కలిపితే తడి పీల్చేసి ముద్ద బిగుసుకుపోతుంది. కొంచెం ఉంచుకుని పైన దొర్లిస్తే రంగు బాగుంటుంది. అది లేకపోతే 200 గ్రాముల ఖర్జూరంలో 50 తగ్గించి కిస్‌మిస్ గానీ ఎండు ఆప్రికాట్ గానీ వేయండి. నిమ్మతొక్క పైపసుపు మాత్రం తురిమి అర టీస్పూన్ వేస్తే ఖర్జూరపు మొద్దు తీపి కాస్త తగ్గుతుంది. తెల్లపొర దాకా తురమొద్దు, చేదు.

ఇవి తడి లేనివి కాబట్టి గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. వరసల మధ్య బేకింగ్ కాగితం.

తీపి_నిజం, 10:53
ఒక్కొక్కరికి రెండు. ఆ పైన వద్దు.

గబగబా, 10:54
ఇంత రామాయణమా? పీనట్ బటర్ ఓ చెంచా వేస్తే ఏదైనా అంటుకుంటుంది.

తూకం_తప్పదు, 10:55
ఎలర్జీ సంగతి ఇప్పుడే కదా మాట్లాడుకున్నది.

తీపి_నిజం, 11:02
ఇంకో మాట. ‘షుగర్ ఫ్రీ’ వేరు, ‘చక్కెర కలపనిది’ వేరు. తేనె వేయకపోతే రెండోది అనొచ్చు. మొదటిది ఎప్పుడూ అనకూడదు.

మాట_పట్టింపు, 11:05
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. ‘చక్కెర లేనివి’ అంటే అబద్ధమే. ‘పైచక్కెర వేయనివి’ అనొచ్చు.

గబగబా, 11:06
‘పైచక్కెర’ అని ఎవరంటారండీ?

మాట_పట్టింపు, 11:07
అనడం మొదలుపెడితే అంటారు.

చెంచా_లెక్క, మర్నాడు ఉదయం 8:20
ఇద్దరికి పప్పులు పడవట. గుమ్మడి గింజలతో చేశాను, నిలబడ్డాయి. 22 వచ్చాయి. థ్యాంక్స్. ఫ్రీజర్ నిండా ఐసు ముక్కలే.

పుల్లటి_ఆప్రికాట్, మధ్యాహ్నం 2:11
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నా ఎండు ఆప్రికాట్లు నారింజ రంగులో కాక గోధుమ రంగులో ఉన్నాయి. పాడైనట్టా?

తూకం_తప్పదు, 2:15
రంగు నిలవడానికి వాడే సల్ఫర్ పట్టనివి అలాగే ఉంటాయి. వాసన చూడండి.

పుల్లటి_ఆప్రికాట్, 2:19
వాసన బాగానే ఉంది. కానీ ఉండ కట్టట్లేదు.

తూకం_తప్పదు, 2:20
కొలతలు?